అమ్మ నాటిన జించోగె

సోమవారం ఉదయం ఎనిమిది గంటల బండికి ఫుమియె ఒసాకా వెళ్ళాలి. కూతురు సయోకి తొమ్మిదో నెల. పురుడు పుట్టింట్లోనే పోయాలి కాబట్టి, వెళ్ళి, ఆ పిల్ల సామాను సర్ది, ఆదివారం మధ్యాహ్నానికల్లా వెంటబెట్టుకుని తమ ఊరు కురయోషి వచ్చేయాలన్నది ఏర్పాటు. ఆ ఆరు రోజులూ ఇంటికి కాపలా ఆమె భర్త తొకుజి హిసమత్సు. రైల్వేలో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి, చివరి పదకొండేళ్ళూ ఒక చిన్న స్టేషనుకు మాస్టరుగా ఉండి, ఒక్క ప్రమాదమైనా లేకుండా నిరుడు రిటైరైన మనిషి. రోజుకు పద్నాలుగు బండ్లను చల్లగా సాగనంపినవాడికి ఒక ఇల్లూ ఒక మొక్కా లెక్కా అనుకున్నాడు.

ఫుమియె బూట్లు తొడుక్కుంటూనే అప్పగింతలు పెట్టింది.

"బియ్యం డబ్బా మూత గట్టిగా పెట్టండి. పడుకునేముందు గ్యాసు కట్టేయండి. మూడోదే ముఖ్యం. జించోగెని ముట్టుకోకండి."

"ముట్టుకోను."

"నీళ్ళు పోయకండి. ఎరువు వేయకండి. కత్తిరించకండి. కదిలించకండి."

"మరి ఏం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యొద్దంటున్నా. అదొక్కటీ చెయ్యండి చాలు."

తొకుజి గుమ్మంలో నిటారుగా నిలబడి, కుడిచేతి చూపుడువేలు మొక్క వైపు చాచి, "జించోగె! ఏమీ చెయ్యకపోవడం! సరే!" అని కేక పెట్టాడు. రైల్వేవాళ్ళు సిగ్నలును చూసి ఊరుకోరు. వేలెత్తి చూపి, పేరు పెట్టి అరిచాకే అది ఉందని నమ్ముతారు. రిటైరయ్యాక ఈ అలవాటు స్టేషనులో ఉండిపోకుండా ఇంటికొచ్చింది. గ్యాసు పొయ్యినీ, గొడుగునీ, ఒకసారి పెళ్ళికెళ్ళబోతూ పెళ్ళాన్నీ కూడా అతను ఇలాగే వేలెత్తి చూపి సరే అనిపించుకున్నాడు.

ఆ జించోగె మామూలు మొక్క కాదు. అంటే చూడ్డానికి మామూలుదే. మోకాలు దాటి నడుమెత్తుకు రాని గుబురు, ఏడాదంతా పచ్చగా నున్నగా మెరిసే ఆకులు, మార్చి నెలలో లోపల తెలుపు బయట గులాబి రంగుగా గుత్తులు గుత్తులుగా పూలు. వీధి మలుపు తిరగ్గానే వాసన ముందు ఎదురొస్తుంది, మొక్క తర్వాత కనిపిస్తుంది. దాన్ని గేటు పక్కన నాటింది తొకుజి తల్లి కినుయొ, ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో. పదిహేనేళ్ళ కిందట ఆవిడ కన్నుమూసే ముందు కోడల్ని దగ్గరికి పిలిచి, "ఇల్లు ఎలా తగలేసుకున్నా నాకనవసరం. ఆ మొక్క జాగ్రత్త. నేను పోయినా హిగన్ రోజుల్లో వచ్చి దాని వాసన చూసి మరీ పోతాను" అంది. ప్రేమగా అందో బెదిరించి అందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పెద్దలు ఇంటికొచ్చే ఆ మార్చి రోజుల్లోనే జించోగె విరగబూస్తుంది కాబట్టి, రాదని అనుకోవడానికి కూడా వీల్లేదు.

అప్పటినుంచీ ఫుమియెకి ఆ మొక్క ఇంకో పిల్ల అయింది. దాని కొమ్మలు అంట్లు కట్టి వీధిలో మూడిళ్ళకు ఇచ్చింది. ఏటా మార్చిలో ఆ మూడిళ్ళకూ వెళ్ళి, అత్తగారి సంతానం ఎలా ఉందో తనిఖీ చేసి వస్తుంది. తొకుజి మటుకు మొక్క జోలికి వెళ్ళడు. ఏటా హిగన్ రోజుల్లో సాయంత్రం పూట వరండాలో ఒక్కడూ కూర్చుంటాడు. వాసన వస్తుంది. అమ్మ వచ్చిందనుకుంటాడు. కళ్ళు తుడుచుకుని లోపలికి వస్తాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

మంగళవారం పొద్దున మంచు కురిసింది. తొకుజి తన పాత స్టేషను బండ్ల వేళలకు తప్పకుండా మొక్కను తనిఖీ చేస్తున్నాడు. ఆరు నలభైకి వెళ్ళి, "మొగ్గలు! సరే!" అని, "ఆకులు!" అని వేలెత్తి ఆగిపోయాడు. ఆకులన్నీ తలలు వాల్చేసి ఉన్నాయి. చలికి జించోగె ఆకులు వాలడం, ఎండెక్కితే మళ్ళీ లేవడం ఆ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. తొకుజి మాత్రం ఆ ముప్ఫై ఎనిమిదేళ్ళూ తెల్లవారుజామున స్టేషనులో ఉన్నాడు, ఇంట్లో లేడు.

నీళ్ళు పోయొద్దంది. నిజమే. కానీ వేడి నీళ్ళ సంగతి చెప్పలేదు. చలికి ముడుచుకున్న ప్రాణికి వేడి కావాలనడానికి తోటపని తెలియాలా? ఆ సాయంత్రం స్నానం చేసి లేచాక, తొట్టెలోని గోరువెచ్చటి నీళ్ళు ఎనిమిది బకెట్లు మోసుకెళ్ళి మొక్క మొదట్లో పోశాడు. నడుంనొప్పికని ఆ నీళ్ళలో తను కలుపుకున్న గంధకం పొడి అతనికి గుర్తులేదు. బుధవారం ఆకులు ఇంకా వాలాయి. మోతాదు చాల్లేదని తొమ్మిది బకెట్లు పోశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, గురువారం తెల్లారేసరికి గుబురంతా వేయించిన టీ ఆకు రంగులోకి తిరిగింది. ఒక ఆకును ముట్టుకున్నాడు. అన్నీ రాలాయి. గంధకం సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

తొకుజి ఆ ఆకుల మధ్య చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. ఫుమియె ఏమంటుందోనన్న భయం ఒకటి. దాని కంటే లోతుగా మరొకటి ఉంది. ఇంకో వారంలో హిగన్. అమ్మ వస్తుంది. గేటు దగ్గర ఎండుపుల్లలుంటాయి. కన్నతల్లి ఈ లోకంలో వదిలి వెళ్ళిన ఒకే ఒక్క ప్రాణాన్ని నడుంనొప్పి నీళ్ళు పోసి చంపుకున్న కొడుకు తనొక్కడే అయ్యుంటాడు. ఆ ఆలోచన వచ్చాక అతనికి టీ కూడా సహించలేదు.

మొక్కల అంగడికి ఫోన్ చేస్తే, ఎదిగిన జించోగెని తవ్వి మార్చితే బతకదని చెప్పారు. అయినా అంగడి మొక్క అతనికెందుకు? కావలసింది అమ్మ మొక్క వంశం. అది పక్కింటి ఒరికసా గారి దగ్గర ఉంది, అదీ పెద్ద కుండీలో. వేళ్ళు కదలకుండా కుండీతో సహా తెచ్చి, గేటు దగ్గర గుంటలో దించేస్తే ఫుమియెకి తేడా తెలియకపోవచ్చు. అమ్మకి అసలే తెలియదు, అది ఆవిడ మనవరాలే కదా. కాస్త సిగ్గు చంపుకుని అడగాలి, అంతే.

అడగడానికి ఒట్టి చేతులతో వెళ్ళకూడదు. పదకొండు గంటలకు మిఠాయి దుకాణానికెళ్ళి పూర్ణం మిఠాయిల పెట్టె ఒకటి కట్టమన్నాడు.

"దేనికండీ?" అంది దుకాణంలో అమ్మాయి. "పెళ్ళా, పురుడా, పరామర్శా, పోయినవాళ్ళకా? తాడు దాన్నిబట్టి కడతాం."

పోయినవాళ్ళకే అనాలి నిజానికి. ఆ మాట నోట రాక గోడ మీది నమూనాల కేసి చూశాడు. తను రిటైరైనప్పుడు సిబ్బంది ఇచ్చిన పెట్టెకున్న ముడి కనిపించింది. వాటిలో అదొక్కటే తనకు తెలిసిన ముఖం. "ఆ ఎరుపూ తెలుపూ తాడు. లాగితే ఊడొచ్చే జారుముడి" అన్నాడు.

"పైన ఏం రాయమంటారు?"

"ఏమీ రాయకు. ఇంటిపేరు చాలు."

విప్పరాని పీటముడి అయితే ఒక్కసారితో సరిపోవలసిన పెళ్ళికి. జారుముడి అయితే మళ్ళీ మళ్ళీ రావలసిన శుభానికి. నెలలు నిండిన కూతురున్న ఇంటినుంచి జారుముడి పెట్టె బయటికొస్తే, ఆ ఊళ్ళో ఏ గుమ్మంలోనైనా దానికి ఒకటే అర్థం. ఆ అర్థం తెలియని మనిషి ఆ పూట ఊరంతటికీ తొకుజి ఒక్కడే. పెళ్ళైన నాటినుంచీ పెట్టెల సంగతి ఫుమియె చూసుకునేది మరి.

ఒరికసా గారు భర్త పోయి ఏడేళ్ళయిన మనిషి. వీధిలో ఏ వార్త తెలిసినా ముందు భర్త పటానికి చెప్పి, తర్వాతే మిగతావాళ్ళకి చెబుతుంది. రెంటికీ మధ్య నాలుగైదు నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉండదు.

"ఏమిటి స్టేషన్ మాస్టారూ, ఈ మర్యాదలన్నీ..." అంటూ పెట్టె అందుకుంది. తాడు చూసింది. ముడి చూసింది. కళ్ళు ఇంతలేసి చేసింది. "అమ్మమ్మమ్మ! అప్పుడేనా! ఇంకా మూడు వారాలన్నారు కదండీ ఫుమియె గారు! తల్లీ పిల్లా కులాసాయేనా?"

"అబ్బే, అది కాదు ఒరికసా గారూ. నేనొచ్చింది... మా జించో..." అనబోయాడు తొకుజి. ఎండిన గుబురు కళ్ళముందు కదిలి, నీళ్ళు గిర్రున తిరిగాయి.

"మగపిల్లాడు!" అని తేల్చేసింది ఒరికసా గారు. "ఆడపిల్లయితే మగాళ్ళు ఇంతలా ఏడవరు. మావారూ అంతే. అబ్బాయి పుడితే ఆస్పత్రి వరండాలో వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మాయి పుడితే చేపలు పట్టడానికి వెళ్ళాడు." అంటూనే లోపలికి పరిగెత్తి, పెద్దల పీఠం ముందు గంట కొట్టింది. "వింటున్నారా! స్టేషన్ మాస్టారు తాతయ్యారు!"

గంట మోగింది. చచ్చినవాడికి చేరిపోయిన వార్తను వెనక్కి తీసుకోవడం ఎలాగో తొకుజికి తెలియదు. రైల్వే నిబంధనల పుస్తకంలో కూడా లేదు.

ఆమె బయటికొచ్చేసరికి ముఖం మారిపోయి ఉంది. "ఎంత పని చేశారండీ! ముందు మేం కానుక ఇవ్వాలి. దానికి మీరు తిరిగివ్వాలి. మీరే ముందు తెచ్చి పెట్టారంటే, ఈ వీధివాళ్ళకి మర్యాద తెలియదనేగా! ఛ ఛ, ఏం ముఖం పెట్టుకుని తిరగాలి మేము? మీరు ఇంటికెళ్ళండి. నేను చూసుకుంటాను."

"చూసుకోవద్దండీ" అన్నాడు తొకుజి దీనంగా.

"మరీ మొహమాటం మీకు" అంటూ ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. తొకుజి కుండీ ఊసెత్తకుండానే ఇంటికొచ్చి, చచ్చిన మొక్క ఎవరి కంటా పడకుండా గడ్డిచాపతో చుట్టి, ఊపిరాడనంత గట్టిగా దానికి తాడు బిగించాడు.

సాయంత్రం ఫుమియె ఫోన్ చేసింది. "మొక్క ఎలా ఉంది?"

"కదల్లేదు."

"ముట్టుకోలేదు కదా?"

"దానికిప్పుడు ఎవరు ముట్టుకున్నా ఒకటే... అంటే, ఎవరూ ముట్టుకోవట్లేదు."

"డాక్టరు ఇంకా ఇరవై రోజులన్నాడు. దీని కడుపు చూస్తే నాకే భయమేస్తోంది, ఇంత ఉంది. ఆదివారం వచ్చేస్తాం."

ఫోన్ పెట్టేశాక తొకుజికి అసలు సంగతి అర్థమైంది. ఆదివారం మధ్యాహ్నం సయో ఇంత కడుపుతో ఈ వీధిలోనే టాక్సీ దిగుతుంది.

శుక్రవారం ఏడున్నరకు ఒరికసా గారు శుభానికి వండే ఎర్రన్నం డబ్బాతో వచ్చింది. ఎనిమిదికి మూలమీది టోఫు దుకాణం నివా వచ్చాడు. ఒక చేతిలో శుభాలకిచ్చే, తలా తోకా ఉన్న తై చేప, మరో చేతిలో అంగుళాల్లో కొలిచి కుట్టినట్టున్న చిన్న చిన్న చొక్కాలు. ఇతనితో అయినా నిజం చెప్పేయాలని తొకుజి గుండె చిక్కబట్టుకున్నాడు.

"నివా, కూర్చో. నీకొకటి చెప్పాలి. ఆ పిల్లాడున్నాడే..."

"బరువెంత?"

"బరువంతా నా గుండెల మీదే ఉంది."

"నాకు తెలుసు లెండి, మూడు కిలోలు దాటే ఉంటాడు" అన్నాడు నివా, చేపను తూకం వేస్తున్నట్టు చేత్తో ఎగరేస్తూ. "మా ఆవిడ రాత్రంతా కూర్చుని కుట్టిందండీ ఈ చొక్కాలు. మాకు పిల్లల్లేరు కదా. ఎవరింట్లో పుట్టినా మా ఇంట్లో పుట్టినట్టే అంటుంది."

ఇంక ఏం చెబుతాడు? మింగలేక కక్కలేక, తొకుజి నడుం వంచి దణ్ణం పెట్టాడు. పుచ్చుకున్న కానుకలకు తిరిగి ఇవ్వాలి కాబట్టి మళ్ళీ మిఠాయి దుకాణానికి వెళ్ళాడు.

"అదే ముడా అండీ?" అంది అమ్మాయి, ఈసారి నవ్వుతూ.

"అదే" అన్నాడు తొకుజి. ఇంటి నుంచి బయటికెళ్ళిన ఒక్కో పెట్టే, ఇంకా పుట్టని మనవణ్ణి ఇంకాస్త గట్టిగా పుట్టించింది.

మధ్యాహ్నం ఇల్లిల్లూ తిరిగే ప్రకటనల అట్ట వచ్చింది. చదివి, కింద తన ముద్ర వేసి, పక్కింటికి పంపాలి. పైన వీధి పెద్ద తొదొరొకి గారి ముత్యాల్లాంటి అక్షరాలు: "హిసమత్సు వారింట మనవడి జననం. బరువు మూడు కిలోల రెండు వందలు. ఆదివారం మధ్యాహ్నం బిడ్డకు స్వాగతం. అందరూ రావలెను." దాని కిందే చెత్త బండి వచ్చే రోజు మారిందన్న కబురు. ముద్ర వేయకపోతే అట్ట కదలదు. అట్ట కదలకపోతే వీధి చెత్త వీధిలోనే ఉంటుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో తప్పుడు కాగితం మీద ముద్ర వేయని మనిషి, తన మనవడి జననాన్ని చదివి, తెలుసుకున్నట్టు ముద్ర వేసి, పక్కింటికి పంపాడు.

ఆ సాయంత్రం తల్లి పటం ముందు కూర్చున్నాడు. పుట్టకముందే పండగ చేసుకోవడం అరిష్టమని చిన్నప్పుడు ఆవిడే చెప్పేది. తన పిరికితనానికి ఆ పసిగుడ్డుకేం చుట్టుకుంటుందోనని ఒళ్ళు జలదరించింది. "అమ్మా, చంపింది నేను. ఏదైనా ఉంటే నాతో తేల్చుకో. పిల్ల జోలికి రాకు" అన్నాడు. పటంలో ఆవిడ ఎప్పటిలాగే ఎవరినీ నమ్మనట్టు చూసింది.

శనివారం తొదొరొకి గారే స్వయంగా వచ్చారు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, నిటారుగా ఉంటారు, చెవుడు తనకు అవసరమైనంత మేరకు ఉంటుంది.

"ఏడో రోజున పేరు పెట్టాలి. ఆలస్యం చేస్తారని నేనే మూడు రాశాను" అంటూ కాగితాలు పరిచారు.

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ చూలు లేకేం, ఉంది. కొడుకే లేడు. పేర్లు మాత్రం మూడు వచ్చాయి, అదీ చక్కటి దస్తూరీతో.

"తొదొరొకి గారూ, మీరు పెద్దవారు, మీతో చెబుతున్నాను. మనవడు ఇంకా పుట్టలేదు."

"ఆఁ, షిన్‌నొసుకె. నాకూ అదే నచ్చింది" అని ఆయన మిగతా రెండూ మడిచేశారు. వెళుతూ గేటు దగ్గర ఆగి, గడ్డిచాప చుట్టిన మొక్కను చేతికర్రతో చూపించారు. "ఇదేమిటి, దీన్నిలా కట్టేశారు?"

తొకుజి పైప్రాణాలు పైనే పోయాయి. "అది... దానికి..."

"ఆహా! పసివాడికి ఘాటు వాసన పడదని! మాకెవరికీ తట్టలేదు చూశారా. అందుకే అంటాను, రైల్వేవాళ్ళకి ఉన్న ముందుచూపు ఇంకెవరికీ ఉండదు."

పొద్దువాలేలోగా ఒరికసా గారి కుండీకీ, నివా టోఫు దుకాణం ముందున్న మొక్కకూ, తొదొరొకి గారి తోటలోని గుబురుకూ గడ్డిచాపలు చుట్టేశారు. విచ్చుకోబోతున్న పూలన్నీ చీకట్లో ఉండిపోయాయి. తొకుజి వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. తనకు తెలిసినంతలో ఆ వీధిలో జించోగె వాసన లేని మార్చి ఇదే. అమ్మ వస్తే ఇల్లు ఎలా గుర్తుపడుతుంది? ఆ మాట అనుకుని, అరవై దాటిన ఆ మనిషి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు.

ఆదివారం స్టేషనుకెళ్ళి, వాళ్ళు దిగీ దిగగానే ఫుమియె కాళ్ళ మీద పడదామనుకున్నాడు. వీధి పడనివ్వలేదు. "తాతగారు గుమ్మంలో ఉండాలి" అని తొదొరొకి గారు చేతికర్ర అడ్డం పెట్టారు. పన్నెండున్నరకల్లా అందరూ గేటు ముందు రెండు వరసలుగా నిలబడ్డారు. ఒరికసా గారు మంచి కిమోనో కట్టింది. నివా భార్య చేతిలో ఇంకో చొక్కా. తొదొరొకి గారి చేతిలో షిన్‌నొసుకె.

టాక్సీ ఆగింది. ముందు ఫుమియె దిగింది, గుడ్డలో చుట్టిన ఒక చిన్న మూటను గుండెలకు హత్తుకుని. "వచ్చాడు, వచ్చాడు!" అని వీధి ముందుకు తూలింది. ఆ వెనకే సయో దిగింది. ముందు కడుపు దిగింది, కాసేపటికి సయో దిగింది.

రెండు వరసలూ ఒకేసారి ఆ కడుపు కేసి తిరిగాయి.

సయో ఆ రెండు వరసలనూ, మంచి బట్టలనూ చూసి కంగారుపడింది. "నాన్నా, ఎవరైనా పోయారా?"

తొకుజి గులకరాళ్ళ మీద మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనించాడు. ఆ స్థితిలో కూడా ఉద్యోగం మరవలేదు.

"ప్రమాద నివేదిక!" అని అరిచాడు. "మంగళవారం రాత్రి ఏడుంపావుకి గంధకం నీళ్ళు ఎనిమిది బకెట్లు. బుధవారం తొమ్మిది. గురువారం తెల్లవారుజామున జించోగె మరణం. బాధ్యుడు తొకుజి హిసమత్సు. మనవడు పుట్టలేదు. నేను పుట్టాడని అనలేదు, పుట్టలేదని అనే ధైర్యం చాల్లేదు. ఒరికసా గారింటికి వెళ్ళింది అమ్మ మొక్క కుండీ అడగడానికి. అందరినీ మోసం చేశాను. అమ్మనీ మోసం చేశాను."

ఫుమియె గడ్డిచాప విప్పింది. పుల్లలు కనిపించాయి. తొకుజి కళ్ళు మూసుకుని ఎదురు చూశాడు. అరుపు రాలేదు. దానికి బదులు ఒరికసా గారి గొంతు, వణుకుతూ వినిపించింది.

"కుండీ ఇచ్చినా లాభం లేకపోయేది లెండి మాస్టారూ. ఫుమియె గారిచ్చిన అంటు మొదటి వానాకాలంలోనే కుళ్ళిపోయింది. ఇది కొన్నది. ఈవిడ తనిఖీకి వస్తుంటే ఏటా నాకు జ్వరం వచ్చేది."

"కొన్నదా!" అంది ఫుమియె.

"మాదీ కొన్నదే" అన్నాడు నివా నేల చూపులు చూస్తూ. "రెండుసార్లు."

"నువ్వూనా నివా!"

తొదొరొకి గారు దగ్గారు. చెవుడు పోయినట్టుంది. "వీధి పెద్దను కాబట్టి నేను మూడుసార్లు కొన్నాను" అన్నారు.

ఫుమియె తన ప్రయాణపు పెట్టె మీద కూలబడిపోయింది. "ఎంత పని చేశారండీ మీరంతా! మీ మీదే కదా నేను ఆశ పెట్టుకుని బతుకుతున్నది!"

"అంటే?" అన్నాడు తొకుజి, నుదురు నేల మీంచి ఎత్తి.

దాచి లాభం లేదని ఆమెకూ తెలిసిపోయింది. "అత్తయ్య గారిది ఆవిడ పోయిన మూడో ఏటే ఎండిపోయిందండీ. ఏం చేశానో నాకే తెలియదు. మీరు డ్యూటీలో ఉన్నప్పుడు అంగడి నుంచి తెప్పించి నాటించాను. మీరు చంపింది నాలుగోది. వీళ్ళని అడుగుదామంటే, నాది చచ్చిందని తెలిసిపోతుంది. అందుకే పోయిన జూన్‌లో ఒరికసా గారు ఊళ్ళో లేనప్పుడు ఆవిడ కుండీలోంచి ఒక కొమ్మ విరిచాను."

"విరిచారా!" అంది ఒరికసా గారు.

"విరిచి, సయో దగ్గర ఒసాకాలో పెంచుతున్నాను. అత్తయ్య గారి అసలు సంతానం ఇంటికి వస్తోందని, బండిలో సీటు మీద కూడా పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను." మూట విప్పింది. చిన్న కుండీలో నాలుగాకుల మొక్క, అదీ ఒరికసా గారు కొన్న అంగడి మొక్క వంశమే.

"నాన్నా, నేను లోపలికెళ్ళి కూర్చోవచ్చా?" అంది సయో. ఎవరూ సమాధానం చెప్పకపోతే తనే వెళ్ళిపోయింది.

"మరి ఏటా నేను..." అన్నాడు తొకుజి.

"తెలుసు. వరండాలో కూర్చుని ఏడుస్తారు. పన్నెండేళ్ళుగా చూస్తున్నాను. అందుకే చెప్పలేకపోయాను."

తొకుజి లెక్క కట్టుకున్నాడు. తన చేత్తో చంపింది అమ్మ మొక్క కాదు, సంతోషించాలి. కానీ అమ్మ మొక్క ఈ వీధిలోనే కాదు, లోకంలో ఎక్కడా లేదు. పన్నెండేళ్ళు అంగడి వాసన పీల్చి అమ్మ వచ్చిందనుకున్నాడు. అమ్మ నిజంగా వచ్చి ఉంటే మొదటి ఏడే విషయం కనిపెట్టి, మళ్ళీ రావడం మానేసి ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా ఇంకో పదేళ్ళు బతికినా తనకేం నష్టముండేది కాదు. ఎవరు అడిగారని ఒప్పుకున్నాడు?

ఆ ఆదివారం నుంచి ఇరవై మూడో రోజున సయోకి ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోలకు కాస్త తక్కువ. తొదొరొకి గారు మళ్ళీ కలం పట్టలేదు. ఒరికసా గారు కొమ్మ విరిచినందుకు ఫుమియెని క్షమించింది. ఫుమియె అంట్లు చంపినందుకు ముగ్గురినీ క్షమించింది. మార్చిలో తనిఖీ ఉండదని తేలాక నివా ముఖంలో కళ వచ్చింది. జించోగెను చంపి దాచినవాళ్ళందరినీ ఆ వీధి మన్నించింది, చంపానని చెప్పేసిన తొకుజిని మాత్రం ఇంతవరకు మన్నించలేదు.